సెట్ అయ్యేదాకా

సెట్ అయ్యేదాకా ఎవ్వరూ పైకి ఎక్కొద్దు, ఎండ గట్టిగానే ఉంది కాబట్టి ఒక గంట చాలు అని చెప్పి శంకర్ మేస్త్రి తన మనుషులతో కింద అన్నానికి కూర్చున్నాడు, నేను మాత్రం మెట్ల మీదే ఆగిపోయాను. ఇక్కడ కూర్చుంటే ఒకవైపు మా కొత్త ఇంటి స్లాబ్ మొత్తం కంటి ఎత్తున కనిపిస్తుంది, తడితడిగా, బూడిద రంగులో, అప్పుడే అలికిన వాకిలిలా. మరోవైపు రోడ్డు, రోడ్డులో సగం మీద పక్కింటి భద్రమ్మత్త ఆరబోసిన యాసంగి వడ్లు, ఆ పసుపుపచ్చ పట్టీ ఎక్కడ ఆగుతుందో అక్కడినుంచి పొలాలు, పొలాల మీద ఆకాశం. ఆకాశం మిర్యాలగూడ దిక్కున నల్లబడింది. కంకర కలిపే మిల్లర్ ఆగి, చెవుల్లో దాని మోత ఇంకా తగ్గకముందే, అందరూ అమ్మయ్య అని చెమట తుడుచుకుంటున్నప్పుడే, ఎవరో వెనకనుంచి తెర లాగినట్టు. ఈ ఒక్క గంట. ఇది పొడిగా గడిస్తే ఆ తర్వాత ఎంత వాన పడినా మేలే, స్లాబ్‌కు నీళ్లు పట్టే పని తప్పుతుంది. ఈ గంటలోనే పడితే పైన సిమెంటు పాలలా కొట్టుకుపోయి కంకర పళ్లు బయటపెడుతుంది, ఇక ఆ ఇల్లు ఉన్నన్నాళ్లూ కారుతూనే ఉంటుంది. సూర్యాపేటలో మేమున్న కిరాయి ఇళ్లన్నీ కారినవే. ఏ ఇంట్లో ఏ మూల గిన్నె పెట్టాలో నాకు ఇప్పటికీ గుర్తే.

సెట్. ఇంగ్లిషులో మూడే అక్షరాలు. మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలో శ్యాంసుందర్ సార్ ఈ మాటను బోర్డు మీద రాసిన రోజు కిటికీలోంచి రైసు మిల్లుల వాసన వస్తోంది, ఉడికిన వడ్ల వాసన, మధ్యాహ్నం క్లాసులో ఆ వాసనకు కళ్లు మూతలు పడతాయి, కానీ ఆ రోజు ఎవ్వరికీ నిద్ర రాలేదు. లైబ్రరీలో ఇద్దరు మోయాల్సినంత లావు నిఘంటువు ఉంది, దాంట్లో ఈ చిన్న మాట ఒక్కదానికే పేజీలకు పేజీలు ఉన్నయమ్మా, పెద్ద పెద్ద మాటలు రెండు వరుసల్లో అయిపోతయి, ఇది మాత్రం కాదు, అన్నాడాయన, సొంత ఊరి గురించి చెప్పుకున్నంత సంతోషంగా. ఒక్కొక్కరినీ ఒక్కో అర్థం అడిగాడు. ఒకరు పొద్దు అన్నారు, ఒకరు అలారం, ఒకరు పరీక్ష పేపరు. వెనక బెంచీలోంచి సాలి అనే గరిడేపల్లి పిల్ల లేచి, సార్, పెరుగు, అంది. అందరం నవ్వాం. సార్ నవ్వలేదు. సుద్దముక్క ఆమె వైపు చూపి, మీ అమ్మ తోడు వేసినంక ఏం చేస్తదో ఇయ్యాల చూసి రేపు చెప్పు, అన్నాడు. ఏం చెయ్యదు సార్, ముట్టదు, కదపదు, అని మర్నాడు చెప్పింది సాలి. గదీ, అని బల్ల మీద చరిచాడాయన, దేన్నైనా ఒకచోట పెట్టి ఇగ దాని పని దానికి వదిలిపెట్టుడు, ఈ మాట కడుపుల ఉన్నది గదే. నా వంతు రాకముందే బెల్లు కొట్టారు. పెళ్లయింది, పిల్లలు ఎదిగారు, ఆ వంతు మాత్రం నాకు ఇంకా వస్తూనే ఉంది, వంటింట్లో, బట్టలు మడతపెట్టేటప్పుడు, కోదాడ బస్సులో కిటికీ పక్కన.

ఒక్క మాటతో ఇంగ్లిషువాళ్లు ఎన్ని పనులు చేయించుకుంటారో తలచుకుంటే ముచ్చటేస్తుంది, ఒకే కొంగుతో చెమట తుడుచుకుని, వేడి గిన్నె దించి, పిల్లాడి మూతి తుడిచి, ఎవరైనా వస్తే అదే కొంగు భుజం మీదికి లాక్కున్నట్టు. మన దగ్గర అలా కాదు, ఎవరి మంచం వాళ్లది, పొద్దు గూకుతుంది, పెరుగు తోడుకుంటుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది, మామిడి పూత పిందె కడుతుంది, సిమెంటు గట్టిపడుతుంది, ప్రయాణం బయలుదేరుతుంది, నిప్పు అంటుకుంటుంది. ఇన్ని మంచాలు వేసిన ఇల్లు కూడా గొప్పదే, ఏ ఒక్కరినీ ఇంకొకరి పక్కన సర్దుకొమ్మనలేదు. ఒక్కచోట మాత్రం రెండు భాషలూ ఎదురుపడి నవ్వుకుంటాయి. కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టడానికి వాళ్లు ఈ మాటే అంటారు, ఉంగరంలో రాయి కూర్చోబెట్టడానికీ ఇదే. మనమూ అంతే కదా, కోడి గుడ్లు పొదుగుతుంది, కంసాలి రాళ్లు పొదుగుతాడు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి సూర్యాపేట, ఎవరికెవరు చెప్పారని, కోడి రెక్కల కింద గుడ్డుకూ బంగారం అంచుల మధ్య కెంపుకూ ఒకే వెచ్చదనం చూసిన ఆ మొదటి మనిషి ఎవరో, అక్కడా ఇక్కడా, ఆడమనిషే అయ్యుంటుందని నా అనుమానం. ఇది కనిపెట్టిన రోజు మా ఆయన కృపాకర్‌కు చెప్పాను. ఆయన బడిలో లెక్కలు చెబుతాడు. బాగుంది కరుణా, అని, ఉప్పు తక్కువైంది అన్నాడు.

గాలి మారింది. ఇందాకటి వేడిగాలి కాదు, మధ్యలో ఒక చల్లటి పోగు ఉంది. రోడ్డు మీద భద్రమ్మత్త కాళ్లతో వడ్లు తిరగేస్తోంది, పాదాలతో సాళ్లు తీస్తూ ఆ చివరికి పోయి మళ్లీ ఈ చివరికి వస్తూ, తల ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే నాకు భయంగా ఉంది. ఆమెకు మబ్బు కనిపించకపోవడం ఏమిటి, గొర్రెల మందలో పుట్టిన మనిషి, గాలి వాసన పట్టి, మొగుడు కాటయ్య మామకు మందను ఏ పొలాల వైపు తోలాలో చెప్పే మనిషి. ఆయన ఇప్పుడు మందతో కోసిన మళ్లలో ఎక్కడో ఉన్నాడు, ఇక్కడ ఆమె ఒక్కతే. ఆమె తల ఎత్తితే చూడాల్సింది ఆకాశాన్ని కాదు, మా మెట్ల కింద మడతపెట్టి ఉన్న రెండు టార్పాలిన్ పట్టాలను. అవి ఆమెవి.

స్లాబ్ రోజు ఎవరూ సొంత పట్టాలు కొనరు మా దగ్గర. పక్కింటివాళ్లవి అడిగి తెచ్చుకుంటారు, వాన వస్తే ఉంటాయని. నిన్న కృపాకర్ అడిగాడు, ఆమె ఇచ్చింది, మా ఒడ్లు ఎట్లనన్న ఎండల ఎండాలె, పట్టాలు ఊకెనే ఉన్నయ్, తీస్కపో అల్లుడా, అంది. నేనూ పక్కనే ఉన్నాను, పప్పులో రాయిని కూడా వదలని నాకూ తట్టలేదు, ఏ వాన కోసం మేము అడుగుతున్నామో ఆ వాన ఆమె వడ్లను తప్పించుకుని మా ఇంటి మీద మాత్రమే పడదని. ఒకే ఆకాశం కింద గొడుగు అడిగాం, ఒకే ఆకాశం కింద ఇచ్చింది.

ఈ మాటను మా ఊరు ఇంగ్లిషువాళ్ల కంటే బాగా వాడుతుంది, అది మెచ్చుకోవాల్సిందే. ఆ లావు నిఘంటువు రాసినవాళ్లు ఒకసారి వచ్చి భద్రమ్మత్త అరుగు మీద కూర్చుంటే ఇంకో రెండు పేజీలు పెంచుకునేవాళ్లు. మా సాయిబాబు హైద్రబాద్‌ల సెట్ అయిండు, అంటుంది కొడుకు గురించి, ఉద్యోగం, గది, కూర వండుకోవడం, అన్నీ ఆ ఒక్క ముక్కలో. బోరు మోటరు సెట్ కాలే, అంటే చెడిపోయిందని. ఇయ్యాల పానం సెట్ లేదు, అంటే జ్వరం. కొత్తగా వచ్చిన కోడలు గురించి, మొదాలు సెట్ గాదనుకున్న, ఇప్పుడు ఇద్దరం ఒక్క టీవీ సూస్తం, అంది. మా అత్తమ్మ ఎస్తేరు అయితే ప్రార్థనలో కూడా వాడుతుంది, ప్రభువా, ఈ పని నువ్వే సెట్ చెయ్యాలె, అని, అది వింటే నాకు మొదట్లో నవ్వొచ్చేది, ఇప్పుడు రాదు, అంతకంటే సూటిగా దేవుణ్ణి ఎలా అడుగుతాం. ఇవాళ తెల్లవారగానే మిల్లర్ మీద చెయ్యి వేసి ప్రార్థించింది, ఆమె ఆమెన్ అనగానే శంకర్ అదే చక్రానికి కొబ్బరికాయ కొట్టాడు, ఇద్దరూ ఒకరికొకరు జాగా ఇచ్చుకుని, ఆ తర్వాతే మిల్లర్ తిరిగింది. తూర్పు మూలనుంచి మొదలుపెట్టారు. తట్టలు చేతులు మారుతూ పైకి వస్తుంటే, పోస్తూ, సదును చేస్తూ, వెనక్కి జరుగుతూ, దిగిపోవడానికి దారి ఉండాలి కాబట్టి చివరికి ఈ మెట్ల దగ్గర ముగించారు. అదంతా చూస్తూనే ఉన్నాను. చూడడం తప్ప నాకు అక్కడ పని లేదు, చూడడం నాకు విసుగు అనిపించదు.

ఫోను. కృపాకర్. మబ్బు లేస్తుండగానే ప్లాస్టిక్ పట్టా కొంటానని బండి మీద సూర్యాపేటకు పోయాడు.

"కరుణా, షాపు బంద్ ఉంది. ఇంకో షాపుల అడుగుతున్న. ఆడ ఎట్లుంది?"

"నల్లగయింది."

"మరి కూసున్నవేంది? మేస్త్రికి చెప్పి రెండు పట్టాలు కప్పిచ్చు."

"అవి భద్రమ్మత్తవి."

అవతల బస్సు హారన్లు, ఎవరో మామిడికాయల బేరం. "అడిగిందా?" అన్నాడు.

"అడగలే."

"అడగలేదంటే..." అని ఆగిపోయాడు. ఆయన లెక్క కూడా అక్కడ ఆగింది. అడగలేదు కాబట్టి ఉంచుకోవచ్చని ఒక లెక్క, అడగలేదు కాబట్టే ఉంచుకోకూడదని ఇంకొకటి, రెండూ సరిగ్గానే తేలుతాయి. "నీకు ఎట్ల తోస్తె అట్ల చెయ్," అని పెట్టేశాడు. ఈ మాట ఆయన కూరగాయల విషయంలో కూడా నాతో అనడు.

ఈ మాట నాకు ఎక్కడ దొరికిందో తెలుసా, సార్, శ్యాంసుందర్ సార్, ఇదీ నా వంతు, ఇప్పుడు చెబుతాను వినండి, పెరుగు ఒకేసారి తోడుకుంటుందని అనుకుంటాం, కాదు, గిన్నె అంచున ముందు బిగుస్తుంది, నడుమ ఇంకా పాలే ఉంటాయి, కదిపితే తెలుస్తుంది. పొద్దు కూడా ఒక్కసారి గూకదు, ముందు గుట్ట కింద గూకుతుంది, మనకు ఇంకా వెలుగు ఉంటుంది. ఎస్తేరత్తమ్మ మణికట్టు విరిగినప్పుడు కట్టు విప్పిన రోజున ఒకపక్క అతికింది, ఒకపక్క ఇంకా కావాలి అన్నాడు డాక్టరు. గట్టిపడడం ఒక క్షణం కాదు, ఒక మూలనుంచి బయలుదేరి ఇంకో మూలకు వచ్చే నడక. తూర్పు మూల మీద సిమెంటు పొద్దున పోసింది. ఎండంతా దాని మీదే గడిచింది.

లేచాను. సెంట్రింగ్ చెక్కల అంచున మేస్త్రీలు నడిచే పలక ఉంది, దాని మీద స్తంభాల ఊచలు పట్టుకుని ఆ చివరిదాకా నడిచాను, కింద అత్తమ్మ, యేసయ్యా, ఆ పిల్ల యాడికి పోతున్నదో సూడుండ్రి, అంటూనే ఉంది. తూర్పు మూలలో వంగి బొటనవేలు నొక్కాను. గచ్చు. నడిమికి వచ్చి చేయి చాచి నొక్కాను, గీత పడీ పడనట్టు పడింది. మెట్ల దగ్గర నొక్కితే వేలు దిగింది, చలిమిడిలో దిగినట్టు. నడిమి దగ్గర మళ్లీ ఒకసారి నొక్కి చూశాను. గీత అలాగే ఉంది, ఉందని అనొచ్చు, లేదని అనొచ్చు.

"ఓ కోడలా!" రోడ్డు మీదనుంచి భద్రమ్మత్త గొంతు. ఇప్పుడు తల ఎత్తింది. "ఆడ నిలవడి మబ్బును జోకొడుతున్నవా ఏంది? పట్టాలు కప్పుకో ముందుగాల!"

"మరి నీ ఒడ్లు అత్తా?"

"ఒడ్లదేముంది, తడిస్తె మల్ల ఎండుతయ్. నీ స్లాబ్ కొట్కపోతె మల్ల వస్తదా?"

నడుము మీద చేతులు పెట్టుకుని, ఆడుతూ పాడుతూ అన్నట్టే అంది. తడిసిన వడ్లు ఎండుతాయి నిజమే. రంగు మారి ఎండుతాయి, మొలకెత్తి ఎండుతాయి, కొనుగోలు కేంద్రంలో తేమ చూసే మనిషి గుప్పెడు తీసి పక్కకు పెట్టేస్తే మళ్లీ వరుస చివరికి పోతాయి. పంట మొత్తాన్ని ఒక నవ్వులో మడిచి నా ముందు పెట్టింది, నేను తీసుకోవడం తేలిక కావాలని. ఇంత మనిషి మా పక్కింట్లో ఉందని నాకు తెలియకపోలేదు, ఇంత దగ్గరగా చూడడం ఇదే మొదలు. ఆమె తాను ఇచ్చింది మళ్లీ అడగదు. అడగని మనిషికి తిరిగి ఇవ్వాలంటే ఇచ్చేవాళ్లే ముందు కదలాలి.

కిందికి దిగాను. శంకర్ విస్తరి ముందునుంచే మబ్బును చూస్తున్నాడు.

"రెండూ కప్పేద్దామండి మేడంగారూ, రెండు ముద్దలు తిని లేస్తా," అన్నాడు.

"ఒక్కటి చాలదా శంకరన్నా? మెట్ల దిక్కే పచ్చిగున్నది. తూర్పు మూల వేలు దిగుతలేదు."

"అది నాకూ తెలుసండి. కానీ నాది కాని ఇంటి మీద ధైర్యం నేనెలా చేస్తాను? రేపు కారితే కోదాడ మేస్త్రి చెడగొట్టాడనే కదండీ అంటారు." ముద్ద చేతిలోనే ఉంది. "నడిమికి ఎలా ఉంది, చూశారా?"

"చూసిన. సగం సగం."

నా మొహంలోకి చూశాడు. "మరి ఇల్లు మీది. మీరు చెప్పండి."

"ఒక్కటే కప్పుండ్రి. రెండోది ఆమెకు ఇయ్యాలె."

అనేశాను. అయినా ఆమె వడ్లు అంత పొడుగునా పరిచి ఉన్నాయి, కుప్ప చేయకుండా ఒక్క పట్టా ఏ మూలకు వస్తుంది, ఒక్కతే ఎప్పటికి కుప్ప చేస్తుంది. ఇరవైమందిదాకా ఉన్నారు వీళ్లు, పక్కనే పారలు ఉన్నాయి, విస్తళ్లలో మాంసం కూర పొగలు కక్కుతోంది. స్లాబ్ రోజు కూలీలకు కడుపునిండా మాంసం పెట్టడం మాట తప్పకూడని సంగతి. తినేవాళ్లను మధ్యలో లేపడం అంతకంటే పెద్ద తప్పు, నా చిన్నప్పటినుంచీ విన్నది అదే, పారల వైపు, రోడ్డు వైపు చూశాను.

గరిటె పట్టుకుని నిలబడ్డ అత్తమ్మ నా మొహం చూసింది, రోడ్డు చూసింది. "లేవుండ్రి బిడ్డా," అంది, "కూర యాడికీ పోదు, మల్ల వేడి చేస్త. ఆమె ఒడ్లు ఎత్తిపోసి రాండ్రి."

 తట్టలు మోసిన ఆడమనిషి ఒకామె ముందు లేచింది, బొమిక పక్కకు పెట్టి, "పొద్దున్నించీ కంకర మోశాం, వడ్లెంత బరువులే," అంటూ. ఇంకొకతను, "ఓ మాట చెప్తున్నా అమ్మమ్మా, నా విస్తట్లో ముక్కలు లెక్కపెట్టుకునే పోతున్నా," అన్నాడు. నవ్వులు. చేతులు కడుక్కోవడానికి ఎవరూ ఆగలేదు, ఎంగిలి చేతులతోనే పారలు పట్టుకున్నారు, పొద్దుటినుంచీ సిమెంటు తోసిన పారలు వడ్లను తోశాయి, రెండు వైపులనుంచీ, ఆ పొడుగాటి పట్టీ కళ్ల ముందే పొట్టిదై, ఎత్తుగా లేచి, ఒక కుప్పయింది. వద్దు వద్దంటూ అడ్డం పడింది భద్రమ్మత్త, "అన్నం కాడికెంచి లేస్తరా ఎవరన్న, మతి పోయిందా మీకు," అని తిట్టింది, తిడుతూనే చీపురు తీసి చివరి గింజలు ఊడ్చింది, కుప్ప మీద రెండో పట్టా కప్పించింది. నేను అటు పూర్తిగా చూడలేదు, శంకర్‌తో కలిసి పైన పట్టా లాగుతున్నాను, పచ్చి సిమెంటుకు తగలకుండా కట్టెలు ఆనించి, మెట్ల వైపు సగం మీద. మొదటి చినుకు నా మోచేతి మీద పడింది, రూపాయి బిళ్లంత.

తర్వాత ఒక్కసారిగా కుమ్మరించింది. అందరూ పందిరి కిందికి పరుగెత్తారు, నేను తూర్పు మూలలో నీళ్లు దిగే గొట్టం దగ్గర నిలబడ్డాను. పైన కప్పని సగం మీద పడిన ప్రతి చుక్కా ఈ గొట్టంలోంచే రావాలి. తెల్లగా వస్తే సిమెంటు వస్తున్నట్టు. గొట్టం గరగరమంది, ముందు బూడిద రంగు నీళ్లు పడ్డాయి. చేతిలో ఏముందో చూడకుండా చాచాను, అత్తమ్మ మంచినీళ్ల గ్లాసు. బూడిద నీళ్లు. పారబోశాను. మళ్లీ పట్టాను, కొంచెం మసకగా ఉన్నాయి, పొద్దుటి దుమ్మే కావచ్చు, కాకపోవచ్చు. మళ్లీ పారబోసి మళ్లీ పట్టాను. ఈసారి గ్లాసు అడుగున చెక్కిన కృపాకర్ పేరు కనిపించింది, ఒక్కో అక్షరం విడివిడిగా. శంకర్ నా భుజం మీదుగా వంగి చూసి, గ్లాసు తీసుకుని ఆ నీళ్లు తన తల మీద పోసుకున్నాడు.

"ఏమాయెనే కోడలా?" వాన మోతలో భద్రమ్మత్త అరుపు. పట్టా కప్పిన కుప్ప మీద తానే బరువై కూర్చుంది, తల మీద ఖాళీ సంచి.

"తేటగున్నయ్ అత్తా నీళ్లు!"

"ఏందీ?"

"తేటగున్నయ్!"

ఆమె ఏదో అంది, వినిపించలేదు. గాలి అవతలి అంచును లేపి పటపటా కొడుతోంది, పెట్టిన ఇటుకలు జారిపోయాయి. వానలోకి నడిచి ఆ అంచు లాగి, దాని మీద కూర్చున్నాను, వీపు ఆమె వీపుకు ఆనేటట్టు.

"నువ్వు పుల్ల లెక్కున్నవ్, నీ బరువుకు ఆగుతదా ఇది?" అంది వెనక్కి తిరక్కుండా.

"నువ్వున్నవ్ కదా అటు."

ఇద్దరం నిలువునా తడిసిపోయాం. పట్టా కింద వడ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి.